“మా తాత ఎనుబదియేండ్లు బ్రతికెను” అను వాదము

గత మాసమున జరిగిన మన సంఘ సమావేశమున నేనొక తీర్మానమును ప్రతిపాదించితిని. అది పెద్ద తీర్మానమేమియు కాదు. రంగు పేరును, తయారుచేసినవారి చిరునామాయును, తయారైన తేదీయును లేని రంగుపొడిని మన సభ్యులలోని వ్యాపారులు అమ్మరాదు, కార్ఖానాదారులు కొనరాదు అని మూడు పంక్తులు మాత్రమే. చర్చ అరగంట సాగినది. తుదకు ఒక పెద్దలు లేచి, “మా తాత ఈ షోలాపురమునకు వచ్చిన నాటినుండి మోచేతులదాక రంగుతొట్టిలో ముంచి పనిచేసెను. ఎనుబదియేండ్లు బ్రతికెను. ఆయనకు రాని జబ్బు మీకెట్లు వచ్చును? ఇదంతయు మన సరకు తమ దేశములకు రాకుండ చేయుటకు పరదేశములవారు అల్లిన కథ” అని సెలవిచ్చిరి. సభ నవ్వినది. తీర్మానము వాయిదా పడినది.

ఆ పెద్దలను నేను చిన్ననాటినుండి చిన్నాయన అని పిలుచుచున్నాను. వారి పేరు ఇచట వ్రాయను. వారికిని నాకును వైరము లేదు. వారి వాదముతోనే నాకు వైరము. ఆనాడు సభలో నాకు మాట తడబడినది. మెట్రిక్ తోడ చదువు చాలించి కొట్టులో కూర్చున్నవాడను. శాస్త్రము చెప్పుమనిన వెంటనే నోరు రాదు. ఈ నెల దినములు చదివి, తెలిసినవారిని అడిగి, అప్పుడు చెప్పలేకపోయిన సమాధానమును ఇప్పుడు వ్రాయుచున్నాను. చదువువారు నవ్వదలచినచో చివరిదాక చదివి నవ్వవలెనని ప్రార్థన.

మొదట విషయమేమో చెప్పవలెను. మన ఇండ్లలో జకార్డు మగ్గమెరుగనివారు లేరు. ఇప్పుడు కొన్ని చోట్ల కంప్యూటరు జకార్డులు వచ్చినను, అట్టల దండ మనకందరకును తెలిసినదే. అట్టలో రంధ్రమున్నచోట కొక్కెము లేచును, లేనిచోట లేవదు. చద్దరుపైని నెమలియైనను, పువ్వైనను ఆ రంధ్రముల వరుసలోనే యున్నది. నేతగాడు నెమలిని ఎరుగనక్కర లేదు, అట్ట ఎరుగును. మన శరీరములోని ప్రతి జీవకణమునందును అట్టి అట్టల దండ యొకటి కలదు. దానినే డి.ఎన్.ఏ. అందురు. ఒక కణములోని దండను విప్పి పొడుగుగా చాచినచో సుమారు రెండు మీటర్లుండును. అది మిల్లీమీటరులో నూరవ వంతునకు కూడ తక్కువైన కణకేంద్రములో చుట్టబడి యున్నది. దానియందు ఏ, టి, జి, సి అని పిలువబడు నాలుగే అక్షరములు. తల్లినుండి వచ్చిన దండలో సుమారు 300 కోట్లు, తండ్రినుండి వచ్చిన దండలో మరి యొక 300 కోట్లు అక్షరములు వరుసగా నున్నవి. కణము రెండుగా చీలునప్పుడెల్ల ఆ దండకు నకలు తీయబడును.

జకార్డు అట్టలో ఒక రంధ్రము తప్పుగా పడినచో ఏమగునో మీకు చెప్పనక్కర లేదు. ఒక చద్దరు కాదు, ఆ మగ్గముపై దిగు ప్రతి చద్దరును అదే తప్పుతో దిగును. ఆ అట్టను చూచి మరి యొక అట్ట కొట్టించినచో ఆ మగ్గముపైనను అంతే. నూలు తెగిన వెంటనే తెలియును, మగ్గము ఆగును, ముడివేయుదుము. అట్ట తప్పినప్పుడు మగ్గము ఆగదు. మునుపటివలెనే చప్పుడు చేయుచు నడచును. చిన్నాయన వాదములోని పొరపాటు మొదట ఇక్కడనే యున్నది. వారు నూలు తెగుటను గూర్చి మాటాడుచున్నారు. నేను అట్ట తప్పుటను గూర్చి మాటాడుచున్నాను. తొట్టిలో చేయి పెట్టిన వెంటనే చేయి కాలలేదు గనుక అందు విషము లేదని వారి అభిప్రాయము. కాస్టిక్ చేయిని కాల్చును, దానికందరును భయపడుదురు. అట్టను చెరచునది చేయిని కాల్చదు, కన్నును మండింపదు, వాసన కూడ ఉండకపోవచ్చును.

ఇక రంగుపొడి ఆ అట్టదాక ఎట్లు పోవును? మనము వాడు రంగులలో చాల భాగము అజో జాతివి. రెండు నత్రజని పరమాణువులు జంటగా కూడి, అటొక ముక్కను ఇటొక ముక్కను పట్టుకొనియుండును. రంగు నీటిలో నున్నంతవరకు ఆ జంట గట్టిగనే యుండును. కాని పొడి దుమ్ముగా లేచి ముక్కులోనికి, నోటిలోనికి పోయి, కడుపులోనికి దిగినప్పుడు, ప్రేగులలోని సూక్ష్మజీవులును కాలేయములోని రసములును ఆ జంటను తెంపును. తెగిన ముక్కలు ఎమీనులు. అన్ని ఎమీనులును చెడ్డవి కావు. కాని బెంజిడీను, నాఫ్తైలమీను మొదలైన కొన్ని యున్నవి. కాలేయము వాటిని శరీరమునుండి వెలికి పంపుటకై మార్చబోయి, మరింత చురుకైన పదార్థములుగా మార్చును. మేలు చేయబోయిన కాలేయమే కీడునకు దారి తీయుచున్నదన్న మాట. అవి మూత్రముతో గూడ మూత్రాశయమునకు చేరి, అచట గంటల తరబడి నిలిచి, ఆ సంచి లోపొరలోని కణములయందలి జి అను అక్షరమునకు అంటుకొనును. అంటుకొన్న అక్షరమును నకలు తీయు యంత్రము తప్పుగా చదువును. జి ఉండవలసినచోట వేరొకటి పడును.

ఒక్క రంధ్రము తప్పినంత మాత్రమున రాచపుండు రాదు. కణము ఎప్పుడు చీలవలెనో, ఎప్పుడు చీలరాదో చెప్పు అట్టలు కొన్ని కలవు. అందు ఒకదాని తరువాత ఒకటి, అనేక సంవత్సరములలో, నాలుగైదు చోట్ల తప్పులు పడినప్పుడు ఆ కణము అదుపు లేక చీలుచు పోవును. అందువలననే తొట్టికిని రోగమునకును మధ్య పదిహేను, ఇరువది, ముప్పది యేండ్ల దూరముండును. అంత దూరమునుండి చూచువానికి తొట్టి కనబడదు.

చూచినవారు లేకపోలేదు. 1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున లుడ్విగ్ రేన్ అను శస్త్రవైద్యుడు, ఫుక్సిన్ అను ఎర్రరంగును చేయు కర్మాగారపు పనివారిలో కొందరికి మూత్రాశయపు క్యాన్సరు వచ్చుటను గమనించి ప్రకటించెను. అప్పుడును నవ్వినవారుండిరి. 1938లో అమెరికాలో హ్యూపర్ అనునాతడు నాఫ్తైలమీనును కుక్కలకు పెట్టి అదే రోగమును పుట్టించి చూపెను. 1954లో ఇంగ్లండున కేస్ అను పరిశోధకుడు ఆ దేశపు రంగుల పరిశ్రమలోని వేలకొలది పనివారి వివరములు గుచ్చి లెక్కలు వేసి, ఎన్నడో ఆ పని మానినవారికి కూడ ముసలితనమున రోగము వచ్చుచున్నదని నిస్సందేహముగా తేల్చెను. 1895 నుండి 1954 వరకు ఎన్ని సంవత్సరములో లెక్కించుకొనుడు. ఆ మధ్యకాలమంతయు పనివారు తొట్టియొద్ద నిలుచుచునే యుండిరి, వారి యజమానులు “మావాడు బాగుగానే యున్నాడు” అనుచునే యుండిరి.

ఇప్పుడు తాతగారి మాట. వారి ఆయుర్దాయమును నేను శంకించుట లేదు. వారిని నేనును చూచితిని. మా వీధిలో వేపచెట్టు క్రింద కూర్చుండి మాకు బెల్లము ముక్కలు పెట్టినవారు. కాని నేనొక ప్రశ్న అడుగుదును. వారితోబాటు అదే తొట్టియొద్ద నిలిచినవారెందరు? వారిలో ఎనుబది చూచినవారెందరు? ఏబది యేండ్లకే పోయినవారు ఏ జబ్బుతో పోయిరి? ఎవరును లెక్క వ్రాయలేదు. బ్రతికియున్న ఒక్కరిని చూపి, పోయినవారిని లెక్కలోనికి తీసికొనకుండుట వ్యాపారము తెలిసినవాడు చేయు పనియా? నూరుగురికి అప్పిచ్చి, ఒకడు వడ్డీతో చెల్లించినాడు గనుక అప్పులన్నియు వసూలైనట్లే అని చిట్టా మూసివైచు గుమాస్తాను చిన్నాయన తమ కొట్టులో ఒక దినమైన ఉంచుకొందురా?

మరియు మనుష్యులందరి శరీరములును ఒకే తీరున నుండవు. ఈ ఎమీనులను మార్చి బయటికి పంపు రసములు కొందరికి పుట్టుకతోనే వేగముగా పనిచేయును, కొందరికి మెల్లగా. అవి వేగముగా పనిచేయుట కొన్ని ఎమీనుల విషయమున మేలు, కొన్నింటి విషయమున మేలు కాదు. తాతగారి శరీరము ఆయనది. ఆయన మనుమనిది అదియే యని ఎవరు చెప్పగలరు? తొట్టియొద్ద నిలిచిన కూలివానిది ఆయనదే యని ఎవరు చెప్పగలరు?

పరదేశములవారు అల్లిన కథ అనుటను గూర్చి. జర్మనీ 1994లో ఇట్టి ఎమీనులను విడుచు రంగులను నిషేధించిన మాట నిజము. ఐరోపా సమాఖ్య 2002లో ఇరువదిరెండు ఎమీనుల పట్టిక ప్రకటించి, కిలో బట్టలో ముప్పది మిల్లీగ్రాములకు మించి ఏ యొక్కటియు బయటపడరాదని శాసించిన మాటయు నిజము. అప్పుడు మన సరకు తిరిగివచ్చినప్పుడు నష్టపడినవారిని నేనెరుగుదును. పరదేశపు వ్యాపారి తన లాభమును చూచుకొనడని నేననను, నేనును వ్యాపారినే. కాని మన ప్రభుత్వమే 1990ల కాలమున, పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద, మొదట బెంజిడీను ఆధారముగా గల 42 రంగులను, పిదప 1997 మార్చిలో మరి 70 అజో రంగులను, మొత్తము 112 రంగులను నిషేధించినది కదా. ఈ చట్టము మన ఢిల్లీలో పుట్టినది. ఫ్రాన్సులోని లియాన్ నగరమందలి అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ బెంజిడీనును, శరీరములో బెంజిడీనుగా మారు రంగులను, మనుష్యునికి క్యాన్సరు కలిగించునవని నిశ్చయముగా తెలిసిన మొదటి తరగతిలో చేర్చినది. ఆ సంస్థ చద్దర్లు నేయదు, అమ్మదు.

పరదేశములవారి కథ కావలెనన్న నాయొద్ద మరి యొకటి కలదు. అమెరికాలో 1970ల తొలినాళ్ళలో, పిల్లలు పడుకొనునప్పుడు తొడుగు బట్టలు నిప్పంటుకొనరాదని చట్టము వచ్చినది. మంచి చట్టమే. దానికై తయారీదారులు ట్రిస్ అను రసాయనమును ఆ బట్టలకు పట్టించిరి. సూక్ష్మజీవులపై రసాయనములను ప్రయోగించి, వాటి డి.ఎన్.ఏ.లో తప్పులు పడుచున్నవో లేదో చూచు సులభమైన పరీక్షను 1970లలో బ్రూస్ ఏమ్స్ అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టియుండెను. ఆయనయు ఆర్లీన్ బ్లమ్ అను ఆమెయు ఈ ట్రిస్‌ను పరీక్షించి, ఇది డి.ఎన్.ఏ.ను చెరచుచున్నదని 1977లో ప్రకటించిరి. ఆ సంవత్సరముననే ప్రభుత్వము ఆ బట్టలను నిషేధించినది. మరుసటి యేడు బ్లమ్, ఆ బట్టలు తొడిగిన పిల్లల మూత్రములో ఆ రసాయనము చీలి ఏర్పడిన పదార్థమును కనుగొనిరి. బట్టనుండి చర్మములోనికి, చర్మమునుండి రక్తములోనికి! మరి నిషేధింపబడిన ఆ బట్టలేమైనవి? 1978లో ఎగుమతిని కూడ ఆపువరకు, ఆ దేశమున అమ్మరానివి బీద దేశములకు ఓడలెక్కినవి. పరదేశపు వ్యాపారి మనయెడ చేసిన కుట్ర యేదో చిన్నాయనకు ఇప్పుడు తెలిసియుండును. విషమున్నదని కథ చెప్పుట కాదు, విషమున్నదని తెలిసియు చెప్పకుండ మనకంపుట కుట్ర. మనము పేరులేని పొడిని మన కూలివానికి అమ్మినప్పుడు చేయుచున్నదియు అదియే.

ఇంతవరకు పాత విషము. ఇప్పుడు కొత్తది తలుపు తట్టుచున్నది.

రెండు నెలల క్రిందట ఒక ఏజెంటు నా కొట్టునకు వచ్చి ఒక సీసా చూపెను. నానో వెండి యట. తువ్వాళ్ళకు చివరి ముంపులో ఇది కలిపినచో ఎన్నడును చెమటవాసన రాదట, సూక్ష్మజీవులు చచ్చునట. “అయ్యా, వెండి మన పెద్దలు వాడినదే కదా, పసిపిల్లలకు వెండి గిన్నెలో పాలు పోయమా?” అని అతడు నాతో వాదించెను. వాదము చక్కనిదే. నేనును మొదట తల యూపితిని.

కాని వెండి గిన్నె వేరు, ఇది వేరు. నానోమీటరనగా మీటరులో వందకోట్లవ వంతు. మనిషి వెండ్రుక మందము సుమారు ఎనుబదివేల నానోమీటర్లు. డి.ఎన్.ఏ. దండ మందము రెండు నానోమీటర్లు. ఒకటినుండి నూరు నానోమీటర్ల లోపు కణికలను నానో కణికలందురు. ఒక సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు గల వెండి దిమ్మను తీసికొనుడు. తూకమున తులముకన్న కొంచెము తక్కువ. దాని పైభాగమంతయు కలిపి ఆరు చదరపు సెంటీమీటర్లు. దానినే పది నానోమీటర్ల దిమ్మలుగా కోసినచో పైభాగము మొత్తము ఆరువందల చదరపు మీటర్లగును. తూకము అదే, కాని ఎదుటి పదార్థమును తాకు మేర పదిలక్షల రెట్లు. గిన్నెలోని వెండి గిన్నెలోనే యుండును. ఈ కణికలు జీవకణముల గోడను దాటి లోనికి పోగలవు. లోనికి పోయి కరగి వెండి అయానులను విడుచును, చురుకైన ఆక్సిజను రూపములను పుట్టించును. ఆ ఆక్సిజను జి అక్షరమును త్రుప్పు పట్టించును. త్రుప్పు పట్టిన జి నకలులో టి యని చదువబడును. కొన్ని చోట్ల దండయే తెగును.

దండ తెగినదని ఎట్లు తెలియును అని అడుగువారికి: నరేంద్ర సింగు అను మన దేశీయుడు అమెరికాలో పనిచేయుచు తన సహచరులతో 1988లో ప్రకటించిన పరీక్ష యొకటి కలదు. కణములను పలుచని జెల్లిలో పరచి విద్యుత్తు పంపుదురు. దండ చెక్కుచెదరక యున్నచో గుండ్రని చుక్కవలె నిలుచును; తెగియున్నచో ముక్కలు ఒక ప్రక్కకు కొట్టుకొనిపోయి తోకచుక్కవలె కనబడును. తోక ఎంత పొడవో నష్టమంత. 2009లో సింగపూరు విశ్వవిద్యాలయపు పరిశోధకులు మనిషి ఊపిరితిత్తుల కణములపై నానో వెండిని ప్రయోగించి, డి.ఎన్.ఏ. చెడుటను ఇట్టి పరీక్షలతోనే చూపిరి. అంతకు ముందు సంవత్సరము అమెరికాలో నానో వెండి పట్టించిన మేజోళ్ళను నీటిలో ఉతికి చూచినవారు, కొన్ని కొద్ది ఉతుకులలోనే దాదాపు వెండినంతటిని నీటికి వదలినవని ప్రకటించిరి. ఆ నీరు ఎక్కడికి పోవును? మన కార్ఖానాల వెనుక కాలువ ఎక్కడికి పోవునో అక్కడికే.

నిజము దాచను. గాజుపాత్రలోని కణము మనిషి కాదు. పరీక్షలలో వాడిన మోతాదులు తువ్వాలునుండి మనకు అంటు మోతాదుకన్న చాల ఎక్కువ కావచ్చును. నానో కణికలన్నియు ఒకటి కావు. పరిమాణము, ఆకారము, పైపూతను బట్టి గుణము మారును. పండితులలోనే ఏకాభిప్రాయము లేదు. తినుబండారములకు తెలుపు రంగునిచ్చు టైటానియం డయాక్సైడును చూడుడు. అది డి.ఎన్.ఏ.కు హాని చేయునన్న శంకను కొట్టివేయజాలమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2021లో చెప్పగా, 2022లో ఆ దేశములలో దానిని ఆహారమునుండి తొలగించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఆహార వ్యవసాయ సంస్థయు కలిసి నియమించిన నిపుణుల సంఘము 2023లో అదే పదార్థమును పరిశీలించి భయపడనక్కర లేదనినది. మనము అమ్ము పాలిస్టరు నూలులో మెరుపు తగ్గించుటకు అదే టైటానియమును కలుపుదురు. అది దారము లోపల బిగిసియున్నది గనుక దానిని గూర్చి నాకు పెద్ద భయము లేదు. పొడిగా గాలిలో లేచినప్పుడే భయము.

అట్లయినచో తేలనిదానికి తగవేల యని అందురు. తేలలేదు గనుకనే తగవు. తేలువరకు ఎవరు ఓర్చుకొనవలెను? నా లాభము ఈనాడు చేతికి వచ్చును. అతని రోగము ఇరువదియేండ్లకు వచ్చును. సరకు మంచిదని ఋజువు చేయవలసినవాడు అమ్మువాడు. కల్తీ లేదని బంగారపు వర్తకుడు గీటురాయిపై చూపవలెనే గాని, కొన్న గృహిణి కల్తీ ఉన్నదని నిరూపించుకొని రావలెనా? ఏజెంటును నేనడిగినది ఒక్కటే: కణికల పరిమాణమెంత, ఎన్ని ఉతుకులకు ఎంత వదలును, ఏ ప్రయోగశాలలో పరీక్షింపబడినది, కాగితము చూపుము అని. మరల వచ్చెదనని పోయెను. ఇంతవరకు రాలేదు.

శరీరము తన్ను తాను బాగుచేసికొనునని మన వైద్యవిద్యార్థి యొకడు నాతో చెప్పెను. అదియు నిజమే. ప్రతి కణములోను దినమునకు వేలకొలది గాయములు ఏ రసాయనము లేకయే తగులుచుండును. వాటిని వెదకి కత్తిరించి మరల కూర్చు పనివారు కణములోనే యున్నారు. ఆ పనివారి రీతిని తెలిసికొన్నందులకే 2015లో లిండాల్, మోడ్రిచ్, సంజార్ అను ముగ్గురికి రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. కాని మన మగ్గములయొద్ద ముడులు వేయు పిల్లవాడు నాలుగు మగ్గములను చూడగలడు. నలుబది మగ్గములలో ఒక్కసారి నూలు తెగినచో? ఇదివరకే చేతినిండ పనియున్నవానిపై మరి యొక బరువు వేసి, వాడు చేయగలడులే యనుట న్యాయము కాదు.

ఇల్లాండ్ర మాట కూడ చెప్పవలెను, సభలో వారు లేకుండిరి గనుక. రంగుల కార్ఖానానుండి వచ్చిన మగవాని చొక్కాను ఉతుకునది ఎవరు? తొట్టిపొడి అంటిన ఆ చొక్కాను పట్టుకొని ఒడిలోనికి దూకునది ఎవరు? మరియు ఈ ఊరిలో మన ఆడువారు తరతరములుగా ఇంటిలో బీడీలు చుట్టుచున్నారు. పొగాకు దుమ్ము మూలముగా బీడీ పనివారి రక్తకణములలో దండలు విరిగిన గుర్తులు హెచ్చుగా నున్నవని ముంబయి క్యాన్సరు పరిశోధనాలయమువారు 1990లలో ప్రకటించిరి. త్రాగనివారికి కూడ ఆ దుమ్ము తప్పలేదు. చేట ముందర కూర్చున్న తల్లి ప్రక్కన ఊయెల వ్రేలాడుచుండుట మీరందరును చూచినదే. ఆ సంగతి వేరుగా వ్రాయవలసినంత పెద్దది. ఇక్కడ ఇంతతో విడుచుచున్నాను.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొనవలెను. పన్నెండేండ్ల క్రిందట ఒక దలారి నాకు మెరూను బేసు రెండు పీపాలు తెచ్చి ఇచ్చెను. పైని చీటీ గీకివేయబడియుండెను. కిలోకు అరువది రూపాయలు తక్కువ. అడుగుట మానితిని, అడిగినచో చెప్పునని భయము. నాఫ్తాలుతో కలిపి మెరూను దింపు గార్నెట్ జీబీసీ బేసు, నీలి దింపు బ్లూ బి బేసు, ఇవి తామే నిషేధింపబడిన ఎమీనులని నాకు అప్పుడు తెలియదు. తెలియదనుట కూడ పూర్తి నిజము కాదు, తెలిసికొనదలచలేదు. ఆ సరకును మన వాడలోనే ఒక అద్దకపు కార్ఖానాకు అమ్మితిని. అచ్చట పొడిని చేతితో తీసి తూచి తొట్టిలో వేయు మాస్టరు నాకు వరుసకు అన్న. మూడేండ్ల క్రిందట ఆయనకు మూత్రములో రక్తము పడినది. ఆసుపత్రిలో వైద్యుడు, “ఎన్నేండ్లుగా ఏ రంగులు వాడితిరి?” అని అడిగెను. ఆయన నావైపు చూచెను. నేను గోడవైపు చూచితిని. ఆయన ఇప్పుడు లేరు.

నా పీపాల వలననే అన్నకు ఆ రోగము వచ్చినదని నేననలేను. అంతకు ముందు ఇరువదియేండ్లు ఆయన ఎన్ని తొట్లయొద్ద నిలిచెనో, ఎన్ని బీడీలు కాల్చెనో. పొగయును ఆ సంచికే చేటు చేయును. నా వలన కాదనియు అనలేను. ఆ పీపాలో ఏమున్నదో నాకే తెలియదు, చీటీ లేదు. వైద్యునికి చెప్పుటకు ఒక పేరు కూడ లేకుండ చేసితినని మాత్రము తెలియును.

నా తీర్మానమునకు అయ్యెడు వ్యయము ఎంతయో చెప్పి ముగించెదను. “చీటీ ఉన్న రంగు కొన్నచో చద్దరు ధర పెరుగును, మార్కెట్టు పోవును” అని సభలో మరి యొకరు అనిరి. చద్దరుకు కిలో నూలు పట్టునని వేసికొనుడు. నూటికి రెండు పాళ్ళ రంగు, అనగా ఇరువది గ్రాములు. కిలోకు అరువది రూపాయల తేడా అయినచో చద్దరుకు రూపాయి ఇరువది పైసలు. ఒక టీ ధర కూడ కాదు. పీపాలపైని చీటీలు ఆంగ్లములో నుండుట మరియొక చిక్కు. మన మాస్టర్లు ఇంట తెలుగు, బడిలో మరాఠీ నేర్చినవారు. నిషేధింపబడిన 112 రంగుల పేర్లను తెలుగులిపిలో అచ్చువేసి ప్రతి అద్దకపు కార్ఖానా గోడకు అంటించు ఖర్చు నేను భరించెదను. చేతితొడుగులును ముక్కుకు గుడ్డయును కార్ఖానాదారులు ఇయ్యవలెను. రంగుచొక్కాను కార్ఖానాలోనే విడిచి ఇంటికి పోవు ఏర్పాటు కూడ కావలెను.

వచ్చు సమావేశమున ఈ తీర్మానము మరల వచ్చును. ఆ పీపాల లెక్క వ్రాసియున్న నా పాత చిట్టాను నేను తెచ్చుచున్నాను; ఎవరైనను చూడవచ్చును. చిన్నాయనను నేను వేడునదొక్కటే: తాతగారితో కలిసి తొట్టియొద్ద పనిచేసినవారి పేర్లు, ఎవరు ఏ వయసున ఎట్లు పోయిరో, తమకు జ్ఞాపకమున్నంతవరకు ఒక కాగితముపై వ్రాసికొని రావలెను. జ్ఞాపకము లేనిచో మా అత్తగారినడిగినను చెప్పగలరు. ఆ ఇండ్లన్నింటికిని ఆమె పోయి పలుకరించి వచ్చినవారే.